38వ రోజే చేతులెత్తేసిన మల్చింగ్ షీటు గారికి

మహారాజశ్రీ బయోడిగ్రేడబుల్ మల్చింగ్ షీటు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, తమరి క్షేమం నేను కళ్లారా చూశాను. మొన్న ఆదివారం మా పుచ్చతోటలో తమరి అంచు పట్టుకుని కాస్త ఎత్తబోతే వేయించిన అప్పడంలా ఫెళ్లున విరిగి చేతిలోకొచ్చారు. విత్తనం పెట్టి అప్పటికి 38 రోజులు. తీగ ఇప్పుడిప్పుడే పిందె పట్టింది. కాయ కోతకొచ్చేదాకా ఇంకో నెల తమరు పడుకునే ఉండాలి. తమరి ఉద్యోగమే అది కదా, కలుపు లేవకుండా మట్టిని కప్పి పడుకుని ఉండటం, పంటయ్యాక మట్టిలో కలిసిపోవడం!

తుంగ సంగతి సరే, అది మామూలు పాలిథీన్‌నే పొడుచుకొస్తుంది. ఈసారి గరిక కూడా చిరుగుల్లోంచి జానెడు లేచింది. నాన్న ఒక్క మాటా అనలేదు. కొడవలి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒంటిగంట ఎండలో మొదలెడితే దీపాలు పెట్టేవేళకి నాలుగు సాళ్లు అయ్యాయి. ఆయన నోరారా తిట్టి ఉంటే నడుం ఇంత నొప్పి పుట్టేది కాదేమో.

ఎందుకంటే తమరిని ఇంటికి తెచ్చింది నేనే. 2021లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్లు చేసిన మట్టిలో కలిసిపోయే సంచులు తిరుమలకి వచ్చాయి కదా, అది పట్టుకుని “శ్రీవారి లడ్డూకి పనికొచ్చిన సరుకు మన పుచ్చకాయకి పనికిరాదా నాన్నా?” అని వాదించాను. మామూలు షీటుకి రెండింతల పైనే కట్టాను. షాపాయన తమరి రోలు మీద చెయ్యేసి, “ఇందులో నానో ఉంది సార్, ఎండకి భయపడే పన్లేదు” అన్నాడు.

నానో ఉందట, అంటే కంటికి ఆననంత సన్నటి రేణువులు. ఏ నానో స్వామీ? వారం నుంచి ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను.

తమరి పుట్టుపూర్వోత్తరాలు చదివాను. తమరి ఒంట్లో ఎక్కువ భాగం పీబీఏటీ అనే ప్లాస్టిక్. జనం మొక్కజొన్న పిండి అనుకుంటారు గానీ, అదీ చాలావరకు పెట్రోలియం ఇంటి బిడ్డే. కాకపోతే మట్టిలోని సూక్ష్మజీవులు తినగలవు, అదే గొప్ప. దాని అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. ఆ గొలుసుల్లో ఉన్న బెంజీన్ వలయాలు ఎండలోని యూవీని, అంటే అతినీలలోహిత కిరణాల్ని, ఇష్టంగా పీల్చుకుంటాయి. దాంతో గొలుసులు కొన్నిచోట్ల తెగుతాయి, కొన్నిచోట్ల ఒకదానికొకటి ముడిపడతాయి. సాగే గుణం పోయి తమరు పెళుసెక్కుతారు. దీనికి విరుగుడుగా నానో రేణువులు కలుపుతారు, సన్‌స్క్రీన్‌లో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటివి. ఎండని అవి మింగితే గొలుసు బతుకుతుంది. ఇంతవరకూ కథ బాగానే ఉంది.

కానీ టైటానియం డయాక్సైడ్‌లో ఇద్దరు అన్నదమ్ములున్నారు, రూటైల్, అనటేస్ అని. పదార్థం ఒకటే, స్ఫటికం అమరిక వేరు. రూటైల్ కాస్త బుద్ధిమంతుడు, పైన సిలికా పూత వేస్తే ఇంకా కుదురుగా ఉంటాడు. అనటేస్‌కి ఎండ తగిలితే చాలు, పక్కనున్న గొలుసునే కొరకడం మొదలుపెడతాడు. తనంతట తానే శుభ్రపడే గోడల పూతల్లో మురికిని కొరకడానికి పెట్టేది వీణ్నే. వీణ్ని తెచ్చి షీటుకి కాపలా పెడితే ఏమవుతుంది? జింక్ ఆక్సైడ్‌ది మరో తీరు. పూత లేకుండా వేస్తే షీటు పొలం దాకా రాకముందే, కరిగించే వేడిలోనే తమరిలో కలిపే పీఎల్‌ఏ అనే ఇంకో ప్లాస్టిక్ గొలుసుల్ని తుంచేస్తుంది.

అసలు అవి కలవాలి కదా ముందు! ఈ సంగతి రాగిజావ కాచే మా అమ్మకి తెలుసు. పిండిని చన్నీళ్లలో కలుపుకోకుండా మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. ఆ తర్వాత గరిటె ఎంత తిప్పినా ఉండ ఉండే. నానో రేణువులూ అంతే. ఉండ కట్టాక అది నానో కాదు, నలుసు. 20 మైక్రాన్ల షీటులో ఆ నలుసున్న చోటే చిరుగు మొదలవుతుంది. తమరి తెల్లపొర మీద వేలితో రాస్తే ఇసుకలా గరగర తగిలింది. నేను చూసిన చిరుగుల్లో చాలావాటి మొదలు అక్కడే.

“వెదరింగ్ టెస్టు పాసైంది సార్” అని షాపాయన ఒక కాగితం కూడా చూపించాడు. ఎండకి, తేమకి ఎన్నాళ్లు ఆగుతారో తమరిని ఒక పెట్టెలో పెట్టి చూసే పరీక్ష అది. ఆ పెట్టె భాగోతం మామూలుగా ఇలా ఉంటుంది: 60 డిగ్రీల దగ్గర 8 గంటలు యూవీ దీపం, 50 డిగ్రీల దగ్గర 4 గంటలు తేమ, మళ్లీ దీపం. ఆ పెట్టెలో మా కుక్క పరుగెత్తదు. డ్రిప్పు కారి కింద బురద ఉండదు. బెడ్డు అంచున మట్టి కప్పిన చోట సగం ఒళ్లు ఎండలో, సగం సూక్ష్మజీవుల నోట్లో ఉండదు.

ఏ రేణువు కలిపారో, ఎంత శాతమో, దానికి పూత ఉందో లేదో రోలు మీద ఒక్క ముక్క లేదు. ఆకుపచ్చ ఆకు బొమ్మ మాత్రం అరచేయంత ఉంది. ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. సిగ్గుండాలి నీకు! నీ చుట్టం, కూరగాయల షాపులో ఇచ్చిన కంపోస్టబుల్ సంచి, దసరా నుంచి మా పెరటి ఎరువుగుంటలో నిక్షేపంగా పడుకుని ఉంది. దొరగారికి 58 డిగ్రీల వేడి ఉంటే తప్ప అరగదట. ఉండాల్సిన నువ్వేమో నెలా ఎనిమిది రోజులకి పోతావు. పోవాల్సిన వాడేమో పండగలన్నీ మాతోనే చేసుకుంటాడు. మీ ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?

నాలుగో సాలు చివర్లో కొడవలికి ఏదో చిక్కుకుంది. లాగితే మూరెడు పాత పాలిథీన్ షీటు, మూడేళ్ల కిందటి టమాటా పంటది. తుడిస్తే వెండి మెరుపు ఇంకా అలాగే ఉంది. ఏటా దుక్కిలో ఇలాంటివి బయటపడతాయి. గట్టు మీద కుప్పేసి తగలబెడతాం, ఆ పూట అమ్మ కిటికీలన్నీ మూసేస్తుంది.

నాన్న ఆ ముక్కనీ నీ ముక్కనీ చెరో చేత్తో పట్టుకుని చూశారు. నిన్ను పిడికిట్లో నలిపి సాలులోనే వదిలేశారు. రెండోదాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, కుప్పలో వెయ్యడానికి.

“వచ్చే ఏడు రెండు సాళ్లకే తేరా,” అన్నారు. “ఏం కలిపారో కాగితం మీద రాయించుకుని మరీ తే.”

ఇట్లు,
నడుముకి నొప్పి మందు రాసుకుంటూ,
పుచ్చతోట వారి అబ్బాయి