సాక్ష్యం లేకపోతే ఏం, గోళ్ళున్నాయి కదా

డౌట్ అనే ఇంగ్లీష్ సినిమా మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది, సమాజ శ్రేయస్సు కోరి దాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నా. 2008లో వచ్చింది, 104 నిమిషాలు. 1964లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక క్యాథలిక్ స్కూలు, అక్కడి ఫాదర్ ఒక పన్నెండేళ్ళ పిల్లాడితో తప్పుగా ప్రవర్తించాడని ప్రిన్సిపాల్ సిస్టర్‌కి అనుమానం. సరే, ఇంతకీ చేశాడా లేదా? చెప్పరు. సీసీ కెమెరా లేదంటే ఆ కాలంలో ఎక్కడివిలే అని క్షమిస్తాం, కనీసం ఒక ఫ్లాష్‌బ్యాక్, పోనీ చివర్లో మంచం పట్టిన వాచ్‌మన్ నోట ఒక నిజం, ఏదో ఒకటి పెట్టాలిగా? డబ్బులిచ్చి చూసే ప్రేక్షకుడికి తీర్పు ఇవ్వకుండా ఇంటికి పంపించడం ఏ రకం వ్యాపారం అండీ.

ఇది మొదట నాటకం. జాన్ పాట్రిక్ షాన్లీ రాశాడు, 2004లో ఆడింది, 2005లో న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే ఎక్కింది, ఆ ఏడే పులిట్జరూ టోనీ అవార్డులు రెండూ ఇచ్చేశారు. తర్వాత సినిమా కూడా ఆయనే తీసుకున్నాడు. ఆయనదీ బ్రాంక్సే, చదివింది కూడా క్యాథలిక్ స్కూళ్ళలోనే. చదివాడు అనేకన్నా గెంటించుకున్నాడు అనడం న్యాయం, కిండర్‌గార్టెన్లోంచే ఒకసారి పంపించేశారట, హైస్కూల్లోంచి ఇంకోసారి, మధ్యలో ఒక స్కూల్లో మధ్యాహ్నం భోజనం దగ్గరకి కూడా రానివ్వలేదట, ఇదంతా ఆయనే తన బయోడేటాలో దర్జాగా వేసుకుంటాడు. ఇలాంటి మనిషి చేతిలో పెన్ను పెడితే సిస్టర్ల మీద కక్ష తీర్చుకోవాలా వద్దా? తీర్చుకోలేదు. పైగా నాటకాన్ని ఆస్పత్రుల్లో స్కూళ్ళలో జీవితాలు ధారపోసిన సిస్టర్లకే అంకితం ఇచ్చాడు. నాకు అక్కడే తేడా కొట్టింది.

ఆ ప్రిన్సిపాల్ సిస్టర్ అలోషియస్ గురించి చెప్పాలి. మెరిల్ స్ట్రీప్ వేసింది. మన దగ్గర కాన్వెంట్లో చదివినోళ్ళెవరికైనా ఈవిణ్ణి పరిచయం చెయ్యక్కర్లేదు, వరండా ఆ చివర నల్లబూట్ల చప్పుడు వినపడగానే ఈ చివర క్లాసు మొత్తం లెక్కల పుస్తకం తెరిచేసే టైపు. ఆవిడ లెక్కలో బాల్ పెన్ను నాగరికతకి శత్రువు, దాంతో రాస్తే నొక్కి రాస్తారు, దస్తూరి కోతి గీసినట్టు తయారవుతుంది. టోపీ పెట్టగానే మంచుబొమ్మ లేచి నడిచే క్రిస్మస్ పాట ఒకటుంది, అందులో మంత్రతంత్రాలు ఉన్నాయి కాబట్టి రేడియోలో రాకూడదంటుంది. బోర్డు వైపు తిరిగి రాస్తున్నప్పుడు వెనక పిల్లలేం చేస్తున్నారో చూడ్డానికి బోర్డుకి ఒక అద్దం ఫ్రేము తగిలించమని టీచరు, చిన్న సిస్టర్ జేమ్స్‌కి ట్రైనింగ్ ఇస్తుంది, అందులో ఉన్నది పోపు గారి ఫోటో, అదీ చనిపోయిన పాత పోపుది, ఏ పోపైతే ఏంటి పిల్లాడి నీడ పడుతోందా లేదా అన్నదే పాయింటు. పరిపాలన అంటే ఇదీ. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి ఇలాంటి సెక్రటరీ దొరకాలంటే ఎన్ని జన్మల పుణ్యం కావాలి.

ఇక దర్యాప్తు. అసలు కేసులో ఉన్నదేంటంటే, పిల్లాణ్ణి క్లాసు మధ్యలో ఫాదర్ పిలిపించాడు, తిరిగొచ్చాక పిల్లాడు అదోలా ఉన్నాడు, నోట్లోంచి ద్రాక్షారసం వాసన. వాడి లాకర్లో ఫాదర్ ఒక బనియను పెట్టడం సిస్టర్ జేమ్స్ చూసింది. ఫాదర్ దగ్గర దీనికి జవాబుంది, పూజ కోసం ఉంచిన ద్రాక్షారసం వీడు దొంగతనంగా తాగాడు, బయటికి చెప్తే పూజలో ఫాదర్‌కి సాయం చేసే పీఠబాలుడి పనిలోంచి తీసేస్తారని నేనే దాచాను అంటాడు. చిన్న సిస్టర్ హమ్మయ్య అని నమ్మేసింది. కానీ పెద్ద సిస్టర్ అంత అమాయకురాలు కాదు, ఆవిడ దగ్గర అదనపు సాక్ష్యాలు ఉన్నాయి. ఒకటి, ఫాదర్ గోళ్ళు పెంచుతాడు. శుభ్రంగానే ఉంటాయి, కానీ పొడుగు. రెండు, పంచదార.

ఈ పంచదార సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, సినిమాలో నాకు బాగా నచ్చిన పది నిమిషాలు అవే. మాట్లాడాలని ఫాదర్‌ని ఆఫీసుకి పిలిచారు. ఫాదర్ వేషం వేసిన ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ నవ్వుకుంటూ వచ్చి, ఎవరూ ఏమీ అనకముందే, నేరుగా వెళ్ళి సిస్టర్ కుర్చీలో కూర్చుంటాడు. ఆవిడ ఆఫీసు, ఆవిడ బల్ల, ఆవిడ కుర్చీ. ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుని టీ పోస్తుంది. పంచదార ఉందా అంటాడు. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో మానేద్దామని డ్రాయర్లో పెట్టి మళ్ళీ తియ్యడం మర్చిపోయా అంటుంది ఆవిడ, మర్చిపోగలిగారంటే అంత ఇష్టం లేదన్నమాట అని ఈయన చమత్కారం. ఎన్ని ముక్కలు? మూడు. మూడా! అప్పుడు స్ట్రీప్ మొహం చూడాలి, సీబీఐకి లాకర్ దొరికినా అంత వెలుగు రాదు. ఆ పైన ఈ మహానుభావుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి తర్వాతి ప్రసంగం కోసం ఏదో పాయింటు రాసుకుంటాడు, దేంతో? బాల్ పెన్నుతో. ఇంకేం కావాలి నేరం రుజువు కావడానికి.

నవ్వుతున్నారు కదా, కానీ మనం తీర్పులిచ్చే పద్ధతి ఇదే, కాకపోతే ఆవిడకి ఒక స్కూలే దొరికింది మనకి దేశం మొత్తం దొరికింది. రాత్రి 9 గంటల డిబేట్లో ఎఫ్ఐఆర్ కూడా పడకముందే ఆరుగురు కిటికీల్లోంచి అరిచి శిక్ష ఖరారు చేస్తారు. ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఒకాయన 'చూపులోనే తెలుస్తోంది' అని ఫోరెన్సిక్ రిపోర్టు పెడతాడు. ఫాదర్ ప్రసంగంలో దీని గురించే ఒక పిట్టకథ ఉంది, పుకారు పుట్టించినావిణ్ణి మేడెక్కి దిండు కోసి రమ్మంటారు, ఈకలన్నీ గాల్లోకి పోయాక ఇప్పుడు వాటిని ఏరుకురా అంటారు. చాలా గొప్ప కథ. చిక్కేంటంటే, నిజంగా తప్పు చేసినోడు కూడా ఇదే కథ ఇంత బాగానూ చెప్పగలడు.

నాటకాన్ని సినిమాగా మార్చేటప్పుడు ఈయన చేసిన అతి పెద్ద తప్పు ఇంకోటుంది. స్టేజి మీద పాత్రలు నాలుగే, ఇద్దరు సిస్టర్లు, ఫాదర్, పిల్లాడి తల్లి. పిల్లాడు అసలు రాడు. ఎంత చక్కటి ఏర్పాటు! ఏం జరిగిందో తెలిసిన రెండో మనిషిని బయటే ఉంచేసి మిగతావాళ్ళు తొంభై నిమిషాలు వాదించుకోవచ్చు, మన ప్యానెళ్ళూ విచారణ కమిటీలూ అచ్చం ఇలాగే నడుస్తాయి, ఎక్కడా పిల్లాణ్ణి అడిగి టైం వేస్ట్ చేసుకోరు. సినిమాలో మాత్రం ఈయన వాణ్ణి తెచ్చి క్లాసులో కూర్చోబెట్టాడు, పీఠం దగ్గర నిలబెట్టాడు. ఆ స్కూల్లో చేరిన మొదటి నల్లజాతి పిల్లాడు వాడు. వాడి మొహం కనపడ్డాక మన తీర్పు అంత ధాటీగా రావట్లేదు. అయితే ఒక్క విషయంలో దర్శకుడు సంప్రదాయం తప్పలేదు, అక్కడ కూడా వాణ్ణి కూర్చోబెట్టి 'నాన్నా ఏమైంది' అని అడిగి జవాబు రాబట్టే సీను లేదు.

తల్లి సీను అయితే సెన్సార్ వాళ్ళు తీసేయాల్సింది. వేసింది వయోలా డేవిస్, మొత్తం కలిపి కొద్ది నిమిషాలే, దానికే ఆస్కార్ నామినేషన్. లంచ్ టైంలో పని చేసే చోటు నుంచి వచ్చింది, చలిలో నడుస్తూ మాట్లాడుతుంది, కళ్ళూ ముక్కూ కారుతున్నా తుడుచుకోదు. సిస్టర్ తన అనుమానం చెప్తుంది. మనమేం ఆశిస్తాం, తల్లి గుండెలు బాదుకుని ఫాదర్ కాలర్ పట్టుకోవాలి. ఆవిడేమో జూన్ దాకా ఆగండి అంటుంది. జూన్‌కి స్కూలు అయిపోతుంది, వాడు మంచి హైస్కూలుకి పోతాడు. ఇంట్లో తండ్రి కొడుతున్నాడు, పాత స్కూల్లో అయితే చంపేసేవాళ్ళు, వాడి తీరు వేరు, వాడితో మంచిగా ఉన్నది ఈ ఒక్క ఫాదరే. ఇంత మర్యాదగా కట్టిన కేసుని ఒక పేదింటి ఆవిడ పది నిమిషాల్లో ఎటూ కాకుండా చేసి పనికి లేటవుతోందని వెళ్ళిపోతే నాలాంటి కాలమిస్టులు ఏం రాసుకుని బతకాలి?

సిస్టర్ ఏమీ తగ్గదు. నీ పాత చర్చికి ఫోన్ చేశా, అక్కడి సిస్టర్‌తో మాట్లాడా, నీ చరిత్ర తెలిసింది అని ఫాదర్ మొహం మీదే చెప్తుంది. ఫోన్ చెయ్యలేదు, అబద్ధం. ఫాదర్ వెళ్ళిపోతాడు. ఎక్కడికి? ఇంకో చర్చికి, పెద్ద ఫాదర్‌గా, అక్కడి స్కూలు కూడా ఆయన చేతి కిందే. ఆరోపణ వస్తే ట్రాన్స్‌ఫరు, గట్టి ఆరోపణ వస్తే ప్రమోషన్ మీద ట్రాన్స్‌ఫరు, ఈ విద్య మన సెక్రటేరియట్ సొంతం అనుకుని ఇన్నాళ్ళూ గర్వపడ్డాం. 2002లో బోస్టన్ గ్లోబ్ పేపరు వరసగా రాసింది ఇదే, పిల్లల జోలికెళ్ళిన ఫాదర్లని ఏళ్ళ తరబడి ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మార్చుకుంటూ పోయారని. షాన్లీ నాటకం వచ్చింది ఆ తర్వాతే. 1964లో అయితే సిస్టర్లు నేరుగా బిషప్‌కి చెప్పుకునే దారి లేదు, పైన ఉన్న పెద్ద ఫాదర్‌కి చెప్పాలి, ఆయనకేమో ఈ ఫాదరంటే ప్రాణం. సినిమాలో ఒకపక్క సిస్టర్లు చప్పుడు లేకుండా పాలు తాగుతూ భోంచేస్తుంటే ఇంకోపక్క ఫాదర్లు మాంసం కోసుకుంటూ సిగరెట్లు కాలుస్తూ పగలబడి నవ్వుతుంటారు, రెండు బల్లలూ పక్కపక్కన చూపించేసరికి ఫిర్యాదు ఎంత దూరం పోతుందో మనకి అర్థమైపోతుంది.

ఇక నా ఆఖరి డిమాండు. ఫాదర్ తప్పు చేశాడా లేదా అన్నది రాసిన షాన్లీకి తెలుసు, దాన్ని ఇంకెవరికీ చెప్పకుండా ఫాదర్ వేషం వేసే నటుడికి మాత్రం చెవిలో చెప్తాడట, బ్రాడ్‌వేలో వేసిన బ్రయన్ ఓబర్న్‌కి అలాగే చెప్పాడట. సిస్టర్ వేషం వేసే ఆవిడకి చెప్పడు, తల్లి వేషం వేసే ఆవిడకీ చెప్పడు, వాళ్ళు ఊహించుకుని నటించుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదామనుకున్నా గానీ అక్కర్లేదనిపించింది, నిజం ఫాదర్‌కి తెలియాలి, సిస్టర్లకి తెలియకూడదు, ఆ సంస్థలో పద్ధతి మొదట్నించీ అదే కదా.