ఇరవై గింజలకు ముప్ఫై నాలుగు మొక్కలు

డాలస్‌లో ఉన్న మా తోడల్లుడు ఒక చిన్న కవర్లో నలభై గోంగూర గింజలు పెట్టి పోస్టులో పంపాడు. నలభై అని ఎలా తెలుసంటే లెక్కపెట్టాను. రెండుసార్లు.

గోంగూర గింజల్ని లెక్కపెట్టుకునే గతి ఏం పట్టిందని గుంటూరు వాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. మేముండేది మిన్నెసోటాలో, సెయింట్ పాల్ శివార్లలో. ఇక్కడ గోంగూర పెరుగుతుంది గానీ గింజ కట్టదు. పొద్దు తగ్గితే తప్ప పూత మీదికి రాని మొక్క అది. మా ఊళ్ళో జూన్‌లో పగలు పదిహేనున్నర గంటలు. ఆ పొద్దంతా తగ్గి, అది ‘సరే, ఇక పూద్దాంలే’ అనుకునే వేళకి మంచు పడి చస్తుంది. అంచేత ఏడాదికోసారి ఎండలున్న ఊరి బంధువుల కాళ్ళు పట్టుకోవాలి. తోడల్లుడి కాళ్ళు పట్టుకోవడం ఎంత కష్టమో తోడల్లుడున్న ప్రతివాడికీ తెలుసు.

పైగా ఉగాదినాడు మేపుల్ గ్రోవ్ గుడిలో భోజనాల దగ్గర నోరు జారాను. “జూలై పాట్‌లక్‌కి గోంగూర పచ్చడి మాది. కొట్లోది కాదు, పెరట్లోది” అనేశాను, తొమ్మిదిమంది వింటుండగా. పాట్‌లక్ అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. వాళ్ళలో ఇద్దరిది గుంటూరు. గుంటూరు వాళ్ళు ఇచ్చిన అప్పన్నా మరిచిపోతారేమో గానీ, గోంగూర ఇస్తానన్న వాణ్ణి మరిచిపోరు.

ఏప్రిల్ వచ్చింది. క్యాలెండర్లో వసంతం. కిటికీలో తెలుపు. 2018లో ఇక్కడ ఏప్రిల్ నడిమధ్యన అడుగు పైన మంచు కురిసింది. మినిటోంకా సరస్సు మీది గడ్డ మే 5న గానీ వీడలేదు. అప్పట్నుంచి ఎవరైనా వసంతం అంటే చాలు, మా ఆవిడ మంచు తోసే పార మళ్ళీ గ్యారేజీ గుమ్మం దగ్గరికి తెస్తుంది.

నేను మాత్రం ఖాళీ పెరుగు డబ్బాల్లో మట్టి నింపి, ఇరవై గింజలు పెట్టి, బేస్‌మెంట్లో ట్యూబులైటు కింద ఉంచాను. పదిహేడు మొలిచాయి. ఆఫీసు మీటింగుల మధ్య మెట్లు దిగి చూసొచ్చేవాణ్ణి. ఇక్కడి వాళ్ళు ఇలాంటి మొక్కల్ని ఒక్కసారిగా ఆరుబయట పెట్టరు. మొదటి రోజు గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం పదిరోజులు గాలికీ ఎండకీ అలవాటు చేస్తారు, పసిపిల్లని పొద్దుటెండలో కూర్చోబెట్టినట్టు. ఆ పదిరోజుల పనీ నేను ఒక్క శని ఆదివారాల్లో ముగించాను.

నాటే ముహూర్తం గురించి ఇక్కడ రెండు సంప్రదాయాలున్నాయి. మే రెండో ఆదివారం మదర్స్ డే దాటితే చాలని ఒక వర్గం. ఆఖరి సోమవారం మెమోరియల్ డే దాకా టమాటా, వంగ బయటికి తీయకూడదని రెండో వర్గం. మా పక్కింటి పెద్దాయన రెండో వర్గం. ఆయన నార్వే నుంచి వలసొచ్చిన వాళ్ళ మనవడు, సోయా పండించి రిటైరయినవాడు. నా చేతిలో డబ్బాలు చూసి, “నేనైతే కొంచెం ఆగుతానేమో” అన్నాడు. మిన్నెసోటాలో ఆ మాటకి ‘ఒరేయ్, ఆగరా’ అని అర్థం. నాకేం తెలుసు? మాతృదేవోభవ అనుకుని మదర్స్ డేనాడే నాటేశాను.

మంగళవారం రాత్రి ఫోన్ కూసింది, మంచు ముప్పని. పరిగెత్తుకెళ్ళి మా ఆవిడ పోచంపల్లి దుప్పటి మొక్కల మీద కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. మూడు మూలలా, నిజం చెప్పాలంటే. నాలుగో ఇటుక దొరకలేదు. తెల్లారి చూస్తే మొక్కలు ఉడకబెట్టిన పాలకూరలా ఉన్నాయి, దుప్పటి పక్కింటి మేపుల్ చెట్టు మీద ఉంది. పెద్దాయన దాన్ని దించి, మడతపెట్టి, తెచ్చిచ్చి, వెళ్ళిపోయాడు. ‘నేను చెప్పలా?’ అనలేదు. మనవాళ్ళయితే ఆ మాట అనడం కోసం దుప్పటి అక్కడే ఉంచి నన్ను పిలిచేవాళ్ళు.

ఇక మిగిలినవి ఇరవై. ఈసారి బుద్ధిగా మెమోరియల్ డే దాటనిచ్చి, పెరట్లో మడి మొత్తం అడుగు లోతున తిరగేసి, గింజలు నేరుగా నేలలోనే వేశాను. వరస తెలియడానికి ఐస్‌క్రీం పుల్లల మీద స్కెచ్‌పెన్నుతో ‘గోంగూర’ అని రాసి గుచ్చాను. రెండ్రోజులు వాన కురిసింది. అక్షరాలు కారి, పుల్లల నిండా నీలం మిగిలింది. పుల్లల్ని మా చిన్నది ఇసకలో కోట కట్టడానికి పట్టుకుపోయింది.

పదో రోజుకి మొలకలొచ్చాయి. లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు.

నా ఉద్యోగం డేటాబేసుల్లో. ఒక టేబుల్లో ఇరవై వరసలు పెడితే ముప్ఫై నాలుగు బయటికొచ్చాయంటే, ఆఫీసులో అయితే రాత్రంతా కూర్చుని తప్పెక్కడుందో వెతికేవాణ్ణి. పెరట్లో మాత్రం, “మన నేల గింజ కదా, సత్తువెక్కువ” అనుకున్నాను.

ఏం మొలకలండీ అవి! ఆకు హృదయాకారంలో, తాకితే మఖమలు, పూటపూటకీ ఎదుగుతోంది. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా, ఎర్రటి కాడతో, కోల ఆకులతో, పీలగా, చలికి వణుకుతున్నట్టు ఇంకో రకం కనిపించాయి. ఆ ముప్ఫై నాలుగూ కాక, అవి తొమ్మిది. కలుపన్నమాట.

మా ఆవిడ కాఫీ కప్పుతో వచ్చి నిలబడింది. “ఏవండీ, ఆ ఎర్ర కాడవి చూస్తుంటే నాకేదో అనుమానంగా ఉంది.”

“గోంగూర ఆకుకి చేతివేళ్ళలా చీలికలుంటాయి. వీటికేవీ? ఒంటాకు.”

“మరి మీరు నీళ్ళు పోసేవాటికీ లేవుగా?”

“అవి పెద్దయ్యాక వస్తాయి.”

“పోనీ ఒక ఆకు నమిలి చూడండి. పుల్లగా ఉంటే తేలిపోతుంది.”

ఊరూపేరూ తెలియని ఆకు నోట్లో పెట్టుకోవడం శాస్త్రీయం కాదని ఆవిడకి నచ్చజెప్పి, శాస్త్రీయంగా ఫోన్ తీసి, మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లో మఖమలు ఆకు ఫొటో పెట్టాను. కుటుంబం మాల్వేసీ అని వచ్చింది. గోంగూరది ఏ కుటుంబం? మాల్వేసీ. బెండది, పత్తిది కూడా అదే. కింద ఇంకా ఏదో పేరు రాసుంది గానీ, ఇంటిపేరు కలిశాక వివరాలెందుకని చదవలేదు. సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఇంటిపేరు కలిస్తే వద్దంటారన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

మోకాళ్ళ కింద దిండేసుకుని, తొమ్మిది ఎర్ర కాడల్నీ వేళ్ళతో సహా పీకి, కంపోస్టు కుప్పలో వేశాను. నా జన్మలో అంత శుభ్రంగా కలుపు తీయలేదు. పనిలో పనిగా గట్ల మీద లేచిన బూడిద రంగు ఆకుల మొక్కనీ, నేల మీద పాకే దళసరి ఆకుల తీగనీ కూడా నాలుగు బకెట్లు పీకాను.

ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను, ‘34/34’ అని. తోడల్లుడు వెంటనే రాశాడు: “నేను పంపింది నలభై, సగం చచ్చాయన్నావు, మరి ఇన్నెక్కడివి?” అసూయ అనుకుని జవాబివ్వలేదు.

పెద్దాయన కంచె దగ్గరికొచ్చి, క్యాన్‌తో ఒక్కో మొక్క మొదట్లో కొలిచి నీళ్ళు పోస్తున్న నన్ను చాలాసేపు చూశాడు. టోపీ తీశాడు. తల గోక్కున్నాడు. మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు. “వెల్, దట్స్ డిఫరెంట్” అన్నాడు. అందరిలాంటి తోట కాదంటున్నాడు, ఎంత మంచి మనసో అని పొంగిపోయి ఆ సాయంత్రం ఇంకో గుప్పెడు ఎరువేశాను.

జూన్ ఆఖర్లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. విమానాశ్రయంలో నన్ను చూడగానే మొదటి మాట “చిక్కావు”, రెండో మాట “గోంగూర ఎంత ఎదిగింది?” నడుం దాకా వచ్చిందని చెప్పాను. అమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. నెల తిరక్కుండా నడుం దాకా వచ్చే గోంగూర ఆవిడ డెబ్బై ఏళ్ళలో చూసి ఉండదు.

మర్నాడు నిద్రపట్టక తెల్లవారుజామున అయిదుకే లేచి, స్వెట్టరు, మంకీ క్యాప్ వేసుకుని పెరట్లోకి దిగింది. నేను కళ్ళు నులుముకుంటూ వెనకే వెళ్ళాను, మెచ్చుకుంటుంటే దగ్గరుండాలిగా.

“ఏంట్రా ఇది?”

“గోంగూరమ్మా.”

ఎనిమిదో తరగతిలో లెక్కల మార్కుల కాగితం చేతికిచ్చినప్పుడు చూసిన చూపు, మళ్ళీ ఇన్నేళ్ళకి చూసింది. ఒక ఆకు తుంచింది, నమిలింది, పక్కకి ఉమ్మేసింది.

“తుత్తురుబెండ్రా ఇది. అచ్చంగా అదే కాదు, దానికి అన్నో తమ్ముడో. మన చేలగట్ల మీద బోలెడుంటది. దీనికెవడన్నా నీళ్ళు పోస్తాడంట్రా?”

“ఎరువు కూడా వేశానమ్మా.”

“మరి గోంగూరేదీ?”

నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. “పీకేశారత్తయ్యా. నేను చెబుతూనే ఉన్నాను.” ఆ వాక్యం కోసం ఆవిడ మూడు వారాలు ఎదురుచూసింది. చాలా నిదానంగా, ఒక్కో మాటా రుచి చూస్తూ పలికింది.

అమ్మ కంపోస్టు కుప్ప దగ్గరికెళ్ళి, పుల్లతో కెలికి, దారంలా ఎండిన ఒక ఎర్ర కాడ పైకి తీసింది. ఏమీ అనలేదు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నాకు చూపించి, మళ్ళీ అక్కడే పెట్టింది. తిట్టుంటే బాగుండేది.

తరవాత గట్టు మీద మళ్ళీ లేచిన కలుపు దగ్గర ఆగింది. ముఖం విప్పారింది. “ఓరి నీ దుంపదెగ! పప్పుకూర! తెనాలి మార్కెట్లో కట్ట ఎంతనుకున్నావు? అదుగో, గంగపాయల కూర. ఇదుగో, తోటకూర. ఇన్ని పెట్టుకుని కూరల్లేవంటారేంట్రా మీరు?” బూడిద రంగు ఆకు పప్పుకూర. దాన్నే చక్రవర్తికూర అని కూడా అంటారు. ఈ దేశంలో ల్యాంబ్స్ క్వార్టర్స్ అని పేరుపెట్టి పీకి పారేస్తారు. దళసరి ఆకుల తీగ గంగపాయల కూర. నేను నాలుగు బకెట్లు చెత్తలో పోసింది ఇదంతా. బకెట్ల సంగతి అమ్మకి ఇప్పటికీ తెలియదు, మీరూ చెప్పకండి.

ఆ శనివారం ముప్ఫై నాలుగింటినీ నేనే పీకుతుంటే పెద్దాయన మొహంలో నెల రోజుల తరవాత వెలుగు కనపడింది. కంచె మీద మోచేతులానించి మొత్తం చెప్పాడు. దాని పేరు వెల్వెట్‌లీఫ్. రైతులు బటన్‌వీడ్ అంటారు. 18వ శతాబ్దంలో నార కోసం ఏరికోరి అమెరికా తెచ్చారట, మన గోగునార లాగే. నార ఎవరికీ అక్కరకు రాలేదు, మొక్క మాత్రం వదల్లేదు. దాని గింజ మట్టిలో యాభై ఏళ్ళు కూడా ప్రాణంతో పడుంటుంది. మా కాలనీ ఉన్నచోట ఒకప్పుడు సోయా చేలు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఎండాకాలం సెలవల్లో కూలికి ఆ సాళ్ళ వెంట నడుస్తూ ఆయన పీకింది ఈ మొక్కనే. ఆయన వంగి పీకంగా మిగిలిన గింజల్ని నేను అడుగు లోతు తవ్వి, వెలుతురు చూపించి, నీళ్ళు పోసి పెంచానన్నమాట.

“మరి ఆ రోజే చెప్పొచ్చుగా?” అన్నాను.

“చాలా శ్రద్ధగా చూసుకుంటున్నావు. మీ దేశంలో పూజించే మొక్కేమో అనుకున్నా” అన్నాడు.

పాట్‌లక్ సంగతి క్లుప్తంగా చెప్పి ఊరుకుంటాను. ఇండియన్ కొట్లో రెండు గోంగూర పచ్చడి సీసాలు కొని, స్టీలు గిన్నెలోకి వంచి, అమ్మ చేత పైన తాలింపు పెట్టించాం. గుంటూరు వాళ్ళిద్దరూ మూడోసారి వడ్డించుకుని, “ఎంతైనా పెరట్లోది పెరట్లోదే” అన్నారు. నేను నవ్వాను. నవ్వితే అబద్ధం చెప్పినట్టు కాదు. అక్కడే ఇక్కడ పుట్టి పెరిగిన ఒక కుర్రాడికి పెద్దాయన నా తోటని మెచ్చుకున్న మాట గొప్పగా చెప్పాను. వాడు ప్లేటు కింద పెట్టి నవ్వడం మొదలెట్టాడు. “అంకుల్, మిన్నెసోటా వాళ్ళు దట్స్ డిఫరెంట్ అన్నారంటే అస్సలు బాలేదని. ఇంతకంటే గట్టిగా వాళ్ళు తిట్టలేరు.”

మర్నాడు అమ్మ పప్పుకూర పప్పు వండి, వేడన్నం మీద వేసి, నెయ్యి పోసి, నన్ను వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన వద్దన్నాడు. అమ్మ గిన్నె ముందుకు జరిపింది. ఇప్పుడే తిన్నానన్నాడు. ఇంకాస్త జరిపింది. మూడోసారికి, “మరీ అంతగా అంటే, ఒక్క స్పూను” అని అందుకున్నాడు. “మనోళ్ళ మాదిరే మొహమాటస్తుడు పాపం” అంది అమ్మ.

నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఎండుమిరపకాయ ఎక్కడో తగిలినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు తుడుచుకుని, గిన్నెలోకి ఒకసారి, అమ్మ వైపు ఒకసారి చూసి, “వెల్, దట్స్ డిఫరెంట్” అన్నాడు.

“ఏమన్నాడ్రా?”

“బాగుందన్నాడమ్మా.”

“ఉండమను” అంటూ అమ్మ అప్పటికే సగం దూరం వెళ్ళిపోయింది, ఆవకాయ జాడీ కోసం.