వంట బ్లాగును యాడ్స్ ఒక్కటే పోషించవు

"చేతిలో ఇంత పనితనం ఉంది, ఒక బ్లాగో యూట్యూబ్ చానలో పెట్టుకోరాదూ, నాలుగు డబ్బులొస్తాయి" అనే మాట ఇప్పుడు మన ఇళ్లలో తరచూ వినిపిస్తోంది. మాటలో తప్పులేదు. కానీ ఆ నాలుగు డబ్బులు ఎటునుంచి వస్తాయో చెప్పేవాళ్లు తక్కువ. రాతల మధ్యా వీడియోల ముందూ కనబడే యాడ్సే ఆదాయమంతా అనుకుని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు. తెలుగులో వంట గురించి చెప్పి సంపాదించాలంటే యాడ్స్ డబ్బును చిల్లర ఖర్చులకే లెక్కేసుకోవాలి. అసలు రాబడికి చదివేవాళ్ల నమ్మకం మీద నిలబడే సొంత అమ్మకం ఒకటి ఉండాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

యాడ్స్ సంగతి ముందు చూద్దాం. మన వంటలు నెట్‌కెక్కిన కొత్తల్లో, అంటే 2005 ప్రాంతంలో, 'మహానంది', 'సైలూస్ ఫుడ్' లాంటి బ్లాగులు ఇంగ్లిష్‌లోనే నడిచాయి. బ్లాగు పేజీల్లో యాడ్స్ పెట్టి రాసేవాళ్లకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌కు తెలుగు పేజీల మీద దారి తెరుచుకున్నది 2018 చివర్లో మాత్రమే. ఖాతాలో 10 డాలర్లు చేరితే అడ్రస్ సరిచూసుకోవడానికి పోస్టులో ఒక పిన్ వస్తుంది. ఆ కవరు చేతికి అందిన రోజు ఇల్లంతా సంబరమే. కానీ 100 డాలర్లు నిండితేగానీ రూపాయి కూడా బ్యాంకులో పడదు. వారానికొక వంటకం రాసే చిన్న తెలుగు బ్లాగుకు ఆ 10 నుంచి ఈ 100కు చేరడానికి నెలలు పడుతుంది. యూట్యూబ్‌లో అయితే యాడ్స్ డబ్బు మొదలవ్వాలంటేనే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే పొట్టి వీడియోలకు, కోటి వ్యూస్ రావాలి. ఆ తర్వాత మామూలు వీడియోల మీద వచ్చే యాడ్స్ రాబడిలో మనకు దక్కేది 55 శాతం, షార్ట్స్ వాటాలో 45 శాతం.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. వ్యూస్ అన్నీ ఒక్క ధర పలకవు. అదే గుత్తివంకాయ వీడియోను గుంటూరులో చూసినదానికీ డాలస్‌లో చూసినదానికీ యాడ్ రేటులో చాలా తేడా ఉంటుంది. అందుకే అమెరికా తెలుగువాళ్లు చూసే చానళ్లకు వ్యూస్ తక్కువైనా రాబడి కాస్త మెరుగ్గా ఉంటుంది. కాకపోతే ఆ అమెరికా వ్యూస్ వాటాలోంచి 2021 జూన్ నుంచి అక్కడి పన్ను కోస్తున్నారు. పన్ను వివరాల ఫారం నింపిన మనవాళ్లకు అది 15 శాతం. నింపకపోతే మొత్తం రాబడిలోంచే 24 శాతం దాకా పోవచ్చు.

పండగల లెక్క కూడా మనకు కలిసిరాదు. కంపెనీలు యాడ్స్‌కు ఎక్కువ ఖర్చుపెట్టేది దసరా, దీపావళి నుంచి డిసెంబరు ఆఖరు దాకా. జనవరి రాగానే రేట్లు సాధారణంగా పడిపోతాయి. అరిసెల పాకం ఎలా పట్టాలి, సకినాల పిండి ఎంత మెత్తగా ఉండాలి అని తెలుగువాళ్లు వెతికేది సరిగ్గా అప్పుడే. దీనికి తోడు 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ సెర్చ్ పేజీ మీదే ఏఐ సమాధానాలు ఇస్తోంది. పులిహోరకు చింతపండు ఎంత అని అడిగితే జవాబు అక్కడే దొరుకుతుంది. ఇక కష్టపడి రాసిన పేజీని తెరిచేదెవరు?

మస్తానమ్మగారి ఉదాహరణ చూపించి ధైర్యం చెప్పేవాళ్లుంటారు. నూరేళ్లు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండిన ఆ అవ్వను ప్రపంచమంతా చూసింది. 'కంట్రీ ఫుడ్స్' చానల్‌కు లక్షల్లో సబ్‌స్క్రైబర్లు వచ్చారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూస్తే దేశమంతా పత్రికల్లో రాశారు. ఆమె మీద నాకు అపారమైన గౌరవం. కానీ అక్కడ వంట ఆమెది, కెమెరా, ఎడిటింగ్, అప్‌లోడ్ మునిమనవడివీ అతని స్నేహితుడివీ. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలకు అన్నం పెట్టి, రాత్రి ఒంటిచేత్తో ఫొటోలు సర్దుకునే మనిషి ఆ వ్యూస్‌తో పోల్చుకుని కుంగిపోవడం అన్యాయం.

మరి ఆ మనిషి దగ్గర ఉన్న పెట్టుబడి ఏమిటి? ఖచ్చితంగా చెప్పగలగడం. ఆవకాయనే తీసుకోండి. నాలుగు గిన్నెల ముక్కకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, గిన్నెకు కాస్త తక్కువ ఉప్పు అని మనలో చాలామంది కొలత చెబుతారు. అమ్మమ్మ కాలంలో ఆ ఉప్పు ఎండబెట్టి దంచిన రాళ్ల ఉప్పు. న్యూజెర్సీలో ఉన్న అమ్మాయి అదే గిన్నెతో ప్యాకెట్‌లోని సన్న ఉప్పు పోస్తే బరువు ఎక్కువ పడి పచ్చడి ఉప్పుకషాయం అవుతుంది. భయపడి సగం తగ్గిస్తే నెలకే బూజు పడుతుంది. అక్కడ "ఉప్పు తగినంత" అని రాసి వదిలేసే బ్లాగుకూ, ఏ ఉప్పు, ఎన్ని గ్రాములు, మూడో రోజు తిరగకలిపినప్పుడు ఊట ఎంత పైకి రావాలి, రాకపోతే ఏం చేయాలి అని చెప్పే బ్లాగుకూ ఉన్న తేడాయే వ్యాపారం. రెండో బ్లాగు చూసి పెట్టిన పచ్చడి ఏడాది నిలిస్తే ఆ అమ్మాయి మళ్లీ వస్తుంది, చెల్లెలికి పంపుతుంది. వచ్చే ఏడు తీరిక లేకపోతే "మీరే పెట్టి పంపుతారా అండీ" అని అడుగుతుంది. ఆ ఒక్క ఆర్డరు మీద మిగిలేది ఎన్నో వేల వ్యూస్ యాడ్స్ డబ్బుతో సమానం.

అందుకే పచ్చళ్లు, పొడులు, వడియాలు, సున్నుండలు లేదా ఆన్‌లైన్ వంట క్లాసులు, వీటిలో ఏదో ఒకటి బ్లాగుకు జతపడాలి. విదేశాలకు వెళ్లబోయే పిల్లలకు పప్పు, చారు, నాలుగు వేపుళ్లు, రోటి పచ్చడి మిక్సీలో చేసే తీరు నేర్పే క్లాసుకు మంచి గిరాకీ ఉంటుంది. పైగా అందులో సీసాలు పగిలే టెన్షన్ లేదు.

తినే వస్తువు అమ్మితే మాత్రం ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంట్లో చేసినా సరే, 2006 నాటి చట్టం వర్తిస్తుంది. లేబుల్ మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, తయారీ తేదీ, అందులో వాడినవి ఉండాలి. వాట్సాప్‌లో తెలిసినవాళ్లకే కదా అనుకోవడం ప్రమాదం. పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే గుర్తింపు, వచ్చింది. కూకట్‌పల్లిలో చుట్టి ఆ ఊరి పేరు పెట్టి అమ్మడం ఆ ఊరివాళ్ల కడుపు కొట్టడమే. అమెరికా ఆర్డర్లను నమ్ముకున్నవాళ్లకు ఇంకో దెబ్బ తగిలింది. 800 డాలర్ల లోపు పార్సెళ్లకు అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. కొరియర్ ఖర్చుకు సుంకం కలిస్తే కిలో గోంగూర ధర ఎక్కడికి పోతుందో ముందే లెక్కేసుకుని కొనేవాళ్లకు చెప్పాలి.

స్పాన్సర్ల డబ్బు తీసుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు. ఊరికే పంపిన మిక్సీని పొగిడినా అది యాడే. ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో నిబంధనలు చెప్పాయి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. జరిమానా సంగతి అటుంచితే, ఒక్కసారి నాసిరకం నూనెను మెచ్చుకున్న బ్లాగరు చెప్పే ఉప్పు కొలతను మళ్లీ ఎవరూ నమ్మరు. ప్రభుత్వ ఉద్యోగులు ముందుగా తమ ప్రవర్తనా నియమావళి చూసుకుని అనుమతి తీసుకోవాలి. యాడ్స్‌లో వచ్చినా పచ్చడిలో వచ్చినా అది పన్ను కట్టాల్సిన ఆదాయమే.

ఇక అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, ఈ లెక్కల్లో వండే మనిషి కూలి ఎక్కడా కనబడకపోవడం. మామిడికాయ ధర రాస్తారు, కాయ కొట్టించిన కూలి రాస్తారు, నువ్వుల నూనె, సీసా, కొరియర్ రాస్తారు. కాయలు తుడిచి ఆరబెట్టిన పొద్దు, గరిట తిప్పిన చేయి, అర్ధరాత్రి కస్టమర్లకు ఇచ్చిన జవాబులు ఇంటి పనిలో కలిసిపోతాయి. చివరికి కిలోకు ఎనభై మిగిలిందని సంతోషిస్తారు. గంటకు ఇంత అని ఆ కూలి కూడా ధరలో వేయాలి. అప్పుడు సీసా ఖరీదు పెరిగి కొందరు కొనడం మానేసినా పరవాలేదు. మొదటి సీజన్‌లో ఇరవై కిలోలకు మించి ఒప్పుకోవద్దని, అడ్వాన్సు లేకుండా ఒక్క కాయ కూడా కొట్టించవద్దని నేను గట్టిగా చెబుతాను. ఒక జాడీ చెడిపోతే కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చి, ఎందుకు చెడిందో గ్రాములతో సహా అదే బ్లాగులో రాయాలి.