పాలు పొంగించే విద్య

పిల్లలు చదవడం మానేశారని బెంగపడేవాళ్లకు ఒక శుభవార్త. లోకంలో బుద్ధిగా చదువుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాకపోతే వాళ్లు మనవైపు లేరు, యంత్రాల మధ్య మాటలు తెంచే దాడిగాళ్ల వైపు ఉన్నారు.

నెట్‌వర్క్ మీద నడిచే కంట్రోల్ సిస్టమ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒకచోట సెన్సార్ చూస్తుంది, ఇంకోచోట కంట్రోలర్ ఆలోచిస్తుంది, మరోచోట వాల్వో మోటారో తిరుగుతుంది. ముగ్గురి మధ్యా మాటలు నెట్‌వర్క్‌లో పోతుంటాయి. ఆ మాట చేరకుండా చేసేదే డినయల్ ఆఫ్ సర్వీస్ దాడి. స్టవ్ మీద పాలు పెట్టారనుకోండి. పొంగించడానికి ఎవరూ స్టవ్ ముట్టుకోనక్కర్లేదు. చూస్తున్నవాళ్లను ఒక్క అరనిమిషం గుమ్మం దగ్గర నిలబెడితే చాలు. అయితే ఏ అరనిమిషం? విద్యంతా అక్కడే ఉంది.

మా కింది పోర్షన్ బుజ్జిగాడు ఈ విద్యలో ఉద్దండుడు. వయసు ఏడేళ్లు. కాలింగ్ బెల్ కొట్టి పారిపోవడం వాడి వృత్తి. రోజుకు నాలుగుసార్లు మించితే మా అమ్మ చెవి మెలేస్తుంది కాబట్టి వాడి బడ్జెట్ నాలుగు. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు కొట్టి వృథా చేసుకున్నాడు. తర్వాత తలుపుకు చెవి ఆనించడం మొదలుపెట్టాడు. లోపల్నుంచి "సుయ్య్", వెనకే "అయ్యో పాలు!" అని వినపడిందా, ఆ బెల్లుకు నూరు మార్కులు. ఏమీ వినపడకపోతే సున్నా. వారం తిరిగేసరికి పొద్దున్న ఆరూ పదికి నాలుగు బెల్లులూ వరసగా కొట్టేస్తున్నాడు. మిగతా రోజంతా పెద్దమనిషిలా ఉంటున్నాడు.

ఇలా మార్కులు చూసుకుంటూ నేర్చుకోవడాన్నే కంట్రోల్ శాస్త్రవేత్తలు రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అంటారు. సిగ్నల్‌కు అడ్డుపడే దాడిగాడు, అంటే జామర్‌కు, కరెంటు పరిమితం, దొరికిపోతానన్న భయం అదనం. అందుకని నెట్‌వర్క్‌లో పోయే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే ప్రతి సమాచారపు మూటనూ, కొట్టడు. సమాచారం అందిందని అటునుంచి వచ్చే జవాబును పొంచి విని, ఎప్పుడు కొడితే సిస్టమ్ ఎక్కువ తూలుతుందో పట్టేస్తాడు. ఫ్యాక్టరీ లెక్కలేవీ తెలియకపోయినా ఫరవాలేదు, తప్పులు చేసే ఓపికుంటే చాలు. మన నష్టమే వాడికి మార్కులు. కొన్ని షరతుల్లో దాడులను అక్కడొకటి ఇక్కడొకటి చల్లడం కంటే వరసగా కొట్టడమే లాభమని గణితంలో నిరూపించారు కూడా. బుజ్జిగాడికి ఆ గణితం చెప్పినవాళ్లు లేరు.

ఇంత కష్టపడి చదివే శత్రువు ఎదుట మన తయారీ ఎలా ఉందో చూద్దాం. 2016 నవంబరు మొదట్లో ఫిన్లాండ్‌లోని లప్పేన్‌రాంతాలో రెండు అపార్ట్‌మెంట్ భవనాల హీటింగ్ కంప్యూటర్ల మీదికి నెట్‌వర్క్‌లోంచి పనికిరాని ట్రాఫిక్ వచ్చిపడింది. అదేం తెలివైన దాడి కాదు, ఒట్టి తోపులాట. కంప్యూటర్ మాత్రం తనకు తెలిసిన ఏకైక మంత్రం వేసింది: రీస్టార్ట్. లేవగానే మళ్లీ ట్రాఫిక్, మళ్లీ రీస్టార్ట్. బయట గడ్డకట్టే చలి, లోపల వేడి లేదు. యంత్రం మటుకు క్షణం తీరిక లేకుండా పనిచేస్తూనే ఉంది. ఆఫీసుల్లో ఇలాంటివాళ్లకు ప్రమోషన్ ఇస్తారు.

2019 మార్చి 5న అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో గాలి, సౌర విద్యుత్ కేంద్రాలను చూసుకునే ఒక సంస్థ ఫైర్‌వాల్స్, అంటే నెట్‌వర్క్‌కు కాపలా కాసే పరికరాలు, కూడా ఇదే మంత్రం జపించాయి, దాదాపు పది గంటలపాటు. కరెంటు పోలేదు గానీ కంట్రోల్ రూమ్‌కు మధ్యమధ్యలో కళ్లు మూతపడ్డాయి. బయటివాళ్లు వాడుకున్న ఆ లోపం ముందే తెలిసిందే. అప్‌డేట్ కూడా ఉంది. వేయలేదు, అంతే.

అసలు శత్రువు అవసరమేముందన్న ఆత్మవిశ్వాసం కూడా మనకుంది. 2006 ఆగస్టు 19న అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రంలో సొంత నెట్‌వర్క్ ట్రాఫిక్ ఎక్కువై నీటి పంపుల కంట్రోలర్లు పడిపోయాయి. మూడో యూనిట్‌ను ఆపరేటర్లు చేత్తో ఆపాల్సి వచ్చింది. దాడి చేసినవాడంటూ ఎవరూ తేలలేదు. ఇంట్లో వాళ్లే అరుచుకుంటుంటే బెల్లు ఎవరు కొడతారు?

రక్షణకు మార్గాలు లేకపోలేదు. మాట తెగిపోయినా నడిచేలా రాబోయే నాలుగైదు ఆదేశాలు ముందే పంపి ఉంచడం ఒకటి. మా అమ్మ భాషలో చెప్పాలంటే, గుమ్మం దగ్గరికి వెళ్తూ "నేను రాకపోతే యాభై లెక్కపెట్టి మంట తగ్గించరా" అని నాకు చెప్పడం. ఈ పద్ధతి పోయిన మంగళవారం విఫలమైంది. నేను ఫోన్ చూస్తూ ఇరవై ఏడు దగ్గర లెక్క తప్పాను.

దాంతో అమ్మ ఇంకాస్త ఆధునికమైన మార్గం ఎంచుకుంది. శత్రువు నేర్చుకున్నది పనికిరాకుండా టైము మార్చేయడం. ఒకరోజు ఐదున్నరకు కాస్తుంది, ఒకరోజు ఎనిమిదికి. నిన్నయితే పదింటిదాకా స్టవ్ వెలగలేదు. బుజ్జిగాడు పూర్తిగా అయోమయంలో పడ్డాడు. పాలు పొంగడం లేదు.

నాకు కాఫీ ఎప్పుడొస్తుందో కూడా తెలియడం లేదు. అడిగితే చెప్పదు, వాడు తలుపు దగ్గర వింటున్నాడేమోనని.