సవరణ: జుయీ బట్ట, పాత అద్దం

పాత ఫ్రెంచి సామాన్లతో ఇల్లు సర్దుకోవడం గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. తువాల్ ద జుయీ బట్ట, అదే, తెల్లగుడ్డ మీద ఒకే రంగులో గొర్రెల కాపరులు, చెట్లు ఉంటాయే, అది అచ్చంగా ఫ్రాన్సులో పుట్టిన కళ అనేశాను. కాదండీ. మన మచిలీపట్నం లాంటి కోరమాండల్ రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టలకి అక్కడి జనం ఎగబడితే, 1686లో ఫ్రెంచి ప్రభుత్వం వాటిని నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. మరుసటి ఏడాదే ఓబెర్‌కాంఫ్ అనే ఆయన జుయీ అనే ఊళ్లో అద్దకాల కార్ఖానా పెట్టాడు, బట్టకి ఆ పేరు అక్కడిదే. పైగా ఆయన పుట్టింది జర్మనీలో!

రెండోది, పాత నిలువుటద్దం మచ్చల్ని వెనిగర్‌తో తోమమన్నాను. దయచేసి ఆ పని చేయకండి. అప్పటి అద్దాల వెనక పూత పాదరసం, తగరం కలిపి వేసేవారు, గోకితే రాలిపోతుంది, పాదరసం చేతికంటుతుంది. ముందువైపు పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నాకైతే ఆ మచ్చలే ఇష్టం.