కట్ట మీది బేరం కట్ట కిందివాళ్లకు దక్కాలి

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువు కనిపిస్తే చాలు, పక్కనే ‘లేక్ వ్యూ’ బోర్డు లేస్తోంది. అపార్ట్‌మెంటుకైనా, రిసార్టుకైనా, కాఫీ షాపుకైనా కిటికీలోంచి నీళ్లు కనబడాలి. ఆ నీళ్లలో ఏం కలుస్తోందో మాత్రం ఎవరికీ పట్టదు. అదే కట్ట మీద వలలు ఆరేసుకున్న కుటుంబాలు, అలుగు పక్క ఈత చెట్లు గీసిన కుటుంబాలు, ఎగువన ద్రాక్ష పందిళ్లు వేసిన కుటుంబాలు ఈ కొత్త వ్యాపారంలో ఎక్కడున్నాయని వెతికితే, ఆ ఇళ్ల పిల్లలు పార్కింగ్ దగ్గర సెక్యూరిటీ యూనిఫాంలో కనిపిస్తారు. చెరువు మీద బతికేవాడే చెరువును కాపాడతాడన్నది ఈ పత్రిక నమ్మకం. ఆ బతుకుదెరువు తీసేసి, చెరువును పోలీసులకూ బుల్డోజర్లకూ అప్పగిస్తే ఎంతకాలం కాపలా కాయగలరు?

ముందు ద్రాక్ష సంగతి. ఈమధ్య కొన్నేళ్లుగా సీజన్ రాగానే రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం జనానికి గేట్లు తెరుస్తోంది. వచ్చినవాళ్లు పందిరి కింద తిరిగి, తమ చేత్తోనే గుత్తులు కోసుకుని, తూకం వేయించుకుని, డబ్బులు కట్టి వెళతారు. కీసర, శామీర్‌పేట వైపు కొందరు రైతులు కూడా ఇదే పద్ధతి పట్టారు. ఆదివారం వస్తే పిల్లలతో కార్లు బారులు తీరుతున్నాయి. రైతుకు కమీషన్ ఏజెంటు లేడు, లారీ కిరాయి లేదు, దారిలో పండు నలిగిపోతుందన్న టెన్షన్ లేదు. నగరం ఇంత దగ్గరగా వచ్చినందుకు రైతుకు ఒరిగిన మేలు బహుశా ఇదొక్కటే.

ఒకప్పుడు హైదరాబాద్ అంటేనే ద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ పశ్చిమాసియా నుంచి తెచ్చిన అనాబ్-ఎ-షాహీ రకం ఈ ఎర్రనేలల్లో విరగకాసింది. పెద్ద కాయ, లోపల గింజ, పల్చటి తొక్క, నిండా రసం. దూరాభారం తట్టుకోదు, ఊరి పక్కనే అమ్ముడుపోవాలి. తర్వాత గింజల్లేని థామ్సన్ వచ్చింది. మేడ్చల్, కొంపల్లి, హయత్‌నగర్, శంషాబాద్ తోటలు దిగుబడిలో దేశమంతటా పేరు మోశాయి. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో పండు కోసం మరో కత్తిరింపు, ఫిబ్రవరి, మార్చిల్లో కోత. ఏడాదంతా పదిమంది కూలీలకు పని ఉండేది.

ఆ తోటలు ఎందుకు పోయాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. బోర్లు ఎండాయి. కోత వేళకు పడ్డ అకాల వానకు కాయ పగిలింది. కత్తిరింపు తెలిసిన కూలీలు మేస్త్రీ పనుల్లోకి వెళ్లిపోయారు. వీటన్నిటినీ తట్టుకున్న రైతు కూడా గజం రేటు ముందు నిలవలేకపోయాడు. పాత వెంచర్లలోకి వెళితే పందిరిని మోసిన రాతి కడీలు ఇప్పటికీ అక్కడక్కడా నిలబడే ఉంటాయి. తీగ కట్టడానికి తొలిచిన బెజ్జాలు అలాగే ఉంటాయి, మీద తెల్ల పెయింటుతో ప్లాటు నంబరు ఉంటుంది. మిగిలిన కొద్దిమందికి మార్కెట్ కూడా దూరం జరిగింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఆసుపత్రి కోసం ఖాళీ చేయించి బాటసింగారం పంపాక, మేడ్చల్ వైపు రైతు నగరాన్ని చుట్టి అవతలి కొసకు వెళ్లాల్సి వస్తోంది.

ఇక్కడ కాస్త దూరం వెళ్లొద్దాం. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లిన మన తల్లిదండ్రులు న్యూజెర్సీ నుంచి నయాగరాకు పోతూ దారిలో వాట్కిన్స్ గ్లెన్ జలపాతాల దగ్గర ఫొటోలు దిగడం మామూలే. ఆ ఊరున్నది సెనెకా సరస్సు కొసన. న్యూయార్క్ రాష్ట్రంలో అలాంటి పొడవాటి సరస్సులు 11 పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి ఫింగర్ లేక్స్ అంటారు. సెనెకా లోతు దాదాపు 188 మీటర్లు, కాబట్టి చలికాలంలో పూర్తిగా గడ్డకట్టడం అరుదు. వేసవిలో దాచుకున్న వేడిని మెల్లగా వదులుతూ ఒడ్డు వాలు మీది ద్రాక్షను మంచు నుంచి కాస్తుంది. ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన కాన్‌స్టంటిన్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త, ఈ చలికి బతకవన్న యూరప్ రకాలను అక్కడే బతికించి, 1962లో కెయూకా సరస్సు పక్కన సొంత వైనరీ పెట్టాడు.

నేల, నీరు, శాస్త్రం సరే, ఆ ప్రాంతాన్ని నిలబెట్టింది ఒక చట్టం. అప్పటిదాకా రైతులు పండించిందంతా నాలుగైదు పెద్ద కంపెనీలకు పోసేవారు. కంపెనీలు కొనుగోళ్లు తగ్గించేసరికి దిక్కు తోచలేదు. 1976లో రాష్ట్ర ప్రభుత్వం చిన్న రైతు తన తోటలోనే వైన్ చేసి, వచ్చినవాళ్లకు నేరుగా అమ్ముకోవచ్చని చట్టం చేసింది. 1983లో కెయూగా సరస్సు చుట్టూ ఉన్న చిన్న వైనరీలు కలిసి ఒక దారి పటం వేసుకున్నాయి. ఒకరి దగ్గరికి వచ్చినవాళ్లను పక్కవాళ్ల దగ్గరికి పంపడం మొదలైంది. ఇప్పుడు ఆ రోడ్ల మీద వైన్ ఒక్కటే కాదు, చీజ్ చేసేవాళ్లూ, కూరగాయల బల్ల పెట్టుకున్న మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలూ ఉన్నారు. నేపుల్స్ అనే చిన్న ఊరికి నల్ల ద్రాక్షతో చేసే ‘పై’ అనే తీపి వంటకం వల్లే పేరొచ్చింది. సీజన్‌లో ఇంటి ముందు బల్ల వేసి అమ్ముతారు. మన దగ్గర పూతరేకులకు ఆత్రేయపురం ఎలాగో అలాగన్నమాట.

దాని ఫలితం గత దశాబ్దంలో తేలింది. సెనెకా ఒడ్డున పాత ఉప్పు గనుల బొరియల్లో గ్యాస్ నిల్వ చేస్తామని ఒక కంపెనీ వచ్చింది. వైనరీల వాళ్లు, టీచర్లు, రైతులు గేటుకు అడ్డంగా నిలబడి అరెస్టయ్యారు. ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి గ్యాస్ పథకం ఆగింది. పర్యావరణం మీద ప్రేమ ఉండే ఉంటుంది, కాదనం. నీళ్లు చెడితే తమ గల్లాపెట్టె ఖాళీ అవుతుందన్న భయం మాత్రం ఆ ప్రేమకు కాళ్లిచ్చింది. అక్కడా అంతా బాగుందని కాదు. పొలాల ఎరువులు కొట్టుకొచ్చి కొన్ని సరస్సుల్లో విషపు నాచు పడుతోంది. అయితే నాచు కనిపించిన మర్నాడే అడిగే జనం ఒడ్డునే ఉన్నారు. మన చెరువుల్లో నురగ లేచి రోడ్డు మీదికి వస్తేగానీ వార్త కాదు.

అదే ప్రాంతంలో స్కానియాటెలెస్ సరస్సు నుంచి సిరక్యూస్ నగరం ఫిల్టర్ చేయకుండానే తాగునీరు తీసుకుంటోంది. ఎగువ రైతుల పొలాల్లోంచి మురికి రాకుండా ఖర్చు పెట్టుకుంటుంది ఆ నగరం. మనకూ అలాంటివి రెండున్నాయి. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయ్యాయి. వాటిని కాపాడటానికి 1996లో 84 గ్రామాలకు 111 జీఓ వచ్చింది. నిర్మాణాలు వద్దన్నారు, మంచిదే. దానికి బదులు ఆ రైతులకు ఏమిచ్చారు? ఏమీ లేదు. సేద్యం గిట్టదు, భూమికి ధర రాదు. చేతికందిన ధరకు అమ్ముకుంటే కొన్నవాళ్లు ఫాంహౌస్‌లు కట్టారు. 2022లో ఆంక్షలు సడలిస్తూ మరో జీఓ వచ్చినప్పుడు పండగ చేసుకున్నవాళ్లను తప్పుపట్టడం తేలికే. పాతికేళ్లపాటు నగరం తాగే నీటి కోసం తమ జేబు కట్టేసుకున్న ఊళ్లవి. ఆ ఊళ్లలో ద్రాక్షకో, పూలకో, కూరగాయలకో తోట దగ్గరే అమ్ముకునే ఏర్పాటు చేసి ఉంటే, జీఓను కాపాడుకునేది వాళ్లే అయ్యేవారు.

అలాగని హైదరాబాద్‌ను వైన్ సీమగా మార్చేద్దామని ఎవరైనా నివేదిక పట్టుకొస్తే మేము ఒప్పుకోం. మన రకాలు తినడానికి బాగుంటాయి, వైన్‌కు అంత పనికిరావు. నాసిక్‌ను చూసి ముచ్చటపడేవాళ్లు సగమే చూస్తున్నారు. అక్కడ గోదావరి మీద గంగాపూర్ జలాశయం ఉంది, ఒడ్డున తోటలున్నాయి, 2001లో మహారాష్ట్ర ప్రత్యేక విధానం తెచ్చింది. నిజమే. 2008 మాంద్యం తర్వాత గిరాకీ పడిపోయి ఎన్నో చిన్న వైనరీలు మూతపడ్డాయన్నదీ నిజమే. సబ్సిడీ చూసి పుట్టింది సబ్సిడీతోనే పోతుంది. మనకు కావలసింది తాజా పండు, రసం, కిస్‌మిస్. వాటిని తోట గేటు దగ్గరే అమ్ముకునే వీలు.

పైగా మన చెరువు కట్టకు తనదైన పానీయం ఎప్పటినుంచో ఉంది. కల్లు. ఈతకూ తాటికీ చెరువు తేమ అచ్చొస్తుంది. అందుకే హరితహారంలో కట్టల మీద ఆ మొక్కలే నాటించారు. కల్లు చుట్టూ అల్లుకున్నవి చూడండి: మోకు, ముస్తాదు కట్టుకుని తెల్లారక ముందే చెట్టెక్కే గీత కార్మికుడు, లొట్లు చేసే కుమ్మరి, చెట్టు కిందే పుట్నాలు, కాల్చిన చేపలు అమ్ముకునే ఆడవాళ్లు. బోనాలకు కట్టమైసమ్మ దగ్గర సాకపోయడానికి కల్లు, బతుకమ్మను సాగనంపడానికి చెరువు నీళ్లు ఇంకా కావాలి. ట్యాంక్‌బండ్ కింద కట్టమైసమ్మ గుడి దగ్గర ఆషాఢంలో నిలబడితే చెరువుతో ఈ ఊరికున్న సంబంధం ఏమిటో అర్థమవుతుంది. ఏ కన్సల్టెంటు నివేదికా అక్కర్లేదు.

కల్లును మనం ఏం చేశాం? 2004లో నగరంలో దుకాణాలు మూసేశాం, 2014లో తెరిచాం. నగరంలో తాగేవాళ్లున్నారు, చెట్లు లేవు. ఆ లోటును మత్తుమందు పొడి పూడ్చింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రతిసారీ పట్టుబడేది కల్లు, పేరు పోయేది గీత కార్మికుడిది. చెట్టు ఎవరిది, గీసిందెవరు, ఎన్ని గంటలకు దించారన్నది లొట్టి మీద రాసి ఉంటే కల్తీ చేసేవాడికి చోటెక్కడ? 2023 మేలో నెక్లెస్ రోడ్డు మీద, హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా (పులియని తాజా కల్లు) కేఫ్ తెరిచినప్పుడు ఈ దిశగా ఒక అడుగు పడిందనుకున్నాం. నీరా ఎండ తగలకముందే దించాలి, దించిన వెంటనే చల్లబరచాలి, లేదంటే పులిసిపోతుంది. చెట్టు దగ్గర ఐస్ డబ్బా, ఊళ్లో చల్లబరిచే యూనిట్ లేకుండా నగరంలో అద్దాల కేఫ్ ఎన్ని పెట్టినా ఏం లాభం? 2024లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కిట్లు చెట్టు మీంచి పడకుండా కాపాడతాయి. చెట్టు దిగాక ఎవరు కాపాడాలి?

‘మళ్లీ తాగుడుకు దారులు తెరుస్తారా’ అని మా పాఠకుల్లో చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, నిలదీయవచ్చు. నిలదీయాలి కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని చూసిన నేల ఇది. 1995లో మద్యనిషేధం తెచ్చుకుని, రెండేళ్లకే ఎత్తేసుకున్నాం. ఆ తల్లులు కొట్లాడింది ఇంటి ముందుకు సారా తెచ్చి పోసిన కాంట్రాక్టర్ల మీద, ఆ పాట డబ్బుతో ఖజానా నింపుకున్న సర్కారు మీద. ఇప్పుడున్నదేమిటి? రాష్ట్రంలో 2,620 వైన్ షాపులు. 2025లో లాటరీకి దరఖాస్తు ఫీజు 3 లక్షలు, షాపు రాకపోయినా తిరిగిరాదు. గౌడ కులస్థులకు 15 శాతం షాపులు రిజర్వ్ చేశారు గానీ, మోకు పట్టినవాడి దగ్గర 3 లక్షలు ఎక్కడివి? తాగుడు తగ్గాలంటే ముందు తగ్గాల్సింది ఖజానాకు ఆ డబ్బు మీదున్న ఆశ. చెట్టు కింద పదిమంది ఎరిగిన మనిషి అమ్మే లొట్టెడు కల్లును దానితో ఒకే గాట కట్టడం న్యాయం కాదు. కల్లుతో కాపురాలు చెడవని మాత్రం మేము అనడం లేదు.

2025లో అంబర్‌పేట బతుకమ్మ కుంట మళ్లీ నీళ్లతో నిండింది. చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా పని మీద ఎన్ని తగాదాలున్నా ఇది మెచ్చుకోవలసిన విషయమే. ఇలా బాగుపడిన ప్రతి చెరువు కట్ట మీదా రేపు దుకాణాలు వస్తాయి. టెండరులో ఎక్కువ పాడినవాళ్లకు ఇస్తే అదే పాప్‌కార్న్, అదే ప్లాస్టిక్ బోటు. సగం దుకాణాలు ఆ చెరువు మత్స్యకారుల సంఘానికి, గీత సొసైటీకి, ఆ మండలం రైతులకు నామమాత్రపు అద్దెకు ఇవ్వాలని మేము కోరుతున్నాం. తోట దగ్గర పండు, రసం అమ్ముకునే రైతుకు ఉద్యానశాఖ దగ్గర ఒక్క కాగితంతో అనుమతి రావాలి, నాలుగు ఆఫీసులు తిప్పకూడదు. నీరా యూనిట్లను కేఫ్‌ల దగ్గర కాకుండా చెట్ల దగ్గర పెట్టాలి. శామీర్‌పేట, కీసర తోటలనూ రాజేంద్రనగర్ కేంద్రాన్నీ కలుపుతూ సీజన్‌లో ఆదివారాలు నాలుగు బస్సులు నడపడం పర్యాటక శాఖకు భారమేమీ కాదు.

ఇవన్నీ చేయాలంటే ఉద్యాన, ఎక్సైజ్, మత్స్య, పర్యాటక, మున్సిపల్ శాఖలు ఒక బల్ల ముందు కూర్చోవాలి. అక్టోబరు కత్తిరింపులకు ముందే కూర్చోవాలి. పందిరి ఉంచాలా, కడీలు పీకి భూమి అమ్మేయాలా అని రైతు తేల్చుకునేది అప్పుడే.