చెత్తకూ వేరు కాపురమా?

ఉమ్మడి కుటుంబమంటే ప్రాణం పెట్టే వంశం మాది. అందుకే ఇంటి చెత్తను కూడా ఏనాడూ విడదీయలేదు. ఉల్లిపొట్టు, బీరకాయ చెక్కు, పాలకవర్, అయిపోయిన రిమోట్ సెల్లు, నిన్న మిగిలిన ఉగ్గాని అన్నీ ఒకే కవర్లో, ఒకే ముడి కింద కలిసిమెలిసి ఉంటాయి. కర్నూలు మొత్తం వెతికినా ఇంత ఐకమత్యం ఇంకో ఇంట్లో దొరకదు.

ఇలాంటి పచ్చని సంసారంలో 2016లో కేంద్రం ఘన వ్యర్థాల నియమాలు తెచ్చి చిచ్చు పెట్టింది. తడి చెత్త ఒక పాలు, పొడిది ఒక పాలు, ప్రమాదకరమైనది ఇంకో పాలు అట. 2021లో రాష్ట్రం కూడా అందుకుని ఆకుపచ్చ, నీలం, ఎరుపు బకెట్లు పంచింది. ఇంటికొచ్చిన వాటిని వద్దనేంత మర్యాద లేనివాళ్ళం కాదు మేము. ఆకుపచ్చదాంట్లో జొన్నపిండి పోసుకున్నాం. నీలందాంట్లో కుళాయి నీళ్ళు పడుతున్నాం. ఎర్రది మా మనవడి క్రికెట్‌కు వికెట్ అయింది.

మా తమ్ముడి కొడుకు నాలుగక్షరాలు చదివినవాడు. కూరగాయల చెక్కు పెద్ద చెత్తకుప్ప అడుగున, గాలాడని చోట కుళ్ళితే మీథేన్ పుడుతుందన్నాడు. అది బొగ్గుపులుసు వాయువు కంటే నూరేళ్ళ లెక్కన దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన దాదాపు 80 రెట్లు వేడి పెంచుతుందట. అదే చెక్కును గాలి తగిలేలా అప్పుడప్పుడూ కలియబెడితే మీథేన్ బాగా తగ్గి, రెండు మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుందట. కుళ్ళడం గురించి కర్నూలోడికి పాఠాలా! ఉల్లి ధర పడిపోయిన ఏడాది మార్కెట్ యార్డు పక్కగా ఒక్కసారి నడిచి చూడమనండి. ఇక వేడి అంటారా, మే నెలలో మిద్దె మీద వడియాలు పెట్టి కిందికి దిగేలోపు ఎండిపోయే ఊరు మాది. ఉన్నదానికి మా వంతు కాస్త కలిపితే కొత్తగా వచ్చే నష్టమేమిటి?

మా జేజి కాలంలో ఈ గొడవే లేదు. చెక్కులు, బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టికి. ఎనుము తినంది దిబ్బకు. ఏరువాక ముందు ఆ దిబ్బ బండెక్కి చేనికి. ఆమె దాన్ని పర్యావరణం అనుకోలేదు, ఎనుముకు మేత అనుకుంది. మేము ఎనుమును అమ్మి ఫ్రిజ్ కొన్నాం. కుడితికి పోవాల్సినదాన్ని వారం రోజులు చల్లగా దాచి, బూజు పట్టాక పారేస్తున్నాం. అభివృద్ధి అంటే అదే మరి.

మొన్న పొద్దున చెత్తబండి అక్క మా కవర్ ముడి విప్పింది. చిరిగిన తొడుగుతోనే పులిసిన పెరుగన్నంలోంచి పాలకవర్లు ఏరుతూ ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి మీద సన్నటి ఎర్ర గీత. నా గడ్డం బ్లేడు.

"ఈ తూరి కూడా కలిపే ఇచ్చినారు కదా సార్" అంది. అరవలేదు. బ్లేడును మా గోడ మీద పెట్టి, వేలు చీరకొంగుకు అదుముకుని పక్కింటికి పోయింది.

ఆ సాయంత్రం వంశ సంప్రదాయాన్ని పక్కనబెట్టి పంపకాలకు ఒప్పుకున్నాను. ముందు ఆకుపచ్చ బకెట్ ఖాళీ చెయ్యమన్నాను. "పది కిలోల పిండి ఎందులో పోయాలో అది చెప్పండి ముందు" అంది మా ఆవిడ. బ్లేడు ఎర్రదాంట్లో వేద్దామని వీధిలోకి వెళ్తే, మ్యాచ్ అయ్యేదాకా వికెట్ కదపడానికి లేదన్నాడు మనవడు.